ఆ ప్రశ్న డాక్టరే అడగాలి

డాక్టరు దగ్గర, లాయరు దగ్గర ఏదీ దాచకూడదంటారు. మంచి మాటే. కాకపోతే లైంగిక ఆరోగ్యం దగ్గరికి వచ్చేసరికి, అందులోనూ గే, బైసెక్సువల్ మగవాళ్ళ దగ్గరికి వచ్చేసరికి, ఆ మాట బరువంతా పేషెంటు నెత్తినే పడుతుంది. వాడు చెప్పలేదు కాబట్టి జబ్బు ముదిరింది. వాడు దాచాడు కాబట్టి టెస్టు తప్పింది. అవతలి కుర్చీలో కూర్చున్న మనిషి అసలు అడిగాడా అన్న ఆరా మాత్రం ఎవరూ తీయరు.

నా అభిప్రాయం సూటిగా చెప్పేస్తాను. ఎవరితో, ఎలాంటి సెక్స్ ఉంది అన్న ప్రశ్న అడగడం డాక్టరు పని. బీపీ చూసినట్టు, ఏ మందులైనా పడవా అని అడిగినట్టు, సెక్స్ గురించి మాట్లాడాల్సిన సందర్భంలో వచ్చిన ప్రతి పెద్దవాణ్ణీ మొహమాటం లేకుండా అడగాల్సిన ప్రశ్న అది. మనం ధైర్యం కూడగట్టుకుని చెబితేనే సరైన వైద్యం దొరికే ఏర్పాటు, ధైర్యవంతులకు మాత్రమే వైద్యం చేసే ఏర్పాటు. జబ్బులు ధైర్యం చూసి రావు.

నేను గే మగవాణ్ణి. చాలా ఏళ్ళుగా రకరకాల క్లినిక్కుల గడప తొక్కాను. వాటిలో ఒకచోట జరిగింది చెబుతాను. డాక్టరుకు మంచి పేరుంది, మనిషి కూడా మర్యాదస్తుడు. మూత్రానికి వెళ్తే మంటగా ఉందన్నాను. ఆయన కంప్యూటరు మీద నుంచి చూపు తిప్పకుండానే "పెళ్ళయిందా బాబూ?" అన్నారు. "లేదండీ." "గర్ల్‌ఫ్రెండ్?" "లేదండీ." "అయితే ఆ టెన్షనేమీ అక్కర్లేదు. నీళ్ళు బాగా తాగండి" అని నవ్వి, మామూలు మూత్ర పరీక్ష ఒకటి రాసి పంపించారు. రెండు ప్రశ్నలకూ నేను చెప్పింది నిజమే. ఆ రెండు నిజాలూ కలిసి ఆయన ఫైల్లో ఒక అబద్ధంగా మారాయి: ఈ మనిషికి లైంగిక సంబంధాలు లేవు.

దీన్ని మనసు నొచ్చుకున్న కథగా చదివితే నేను చెప్పేది సగమే అర్థమవుతుంది. ఇది టెస్టు తప్పిపోయిన కథ. సెక్స్ ద్వారా అంటుకునే గనేరియా, క్లమీడియా జబ్బుల బ్యాక్టీరియా ఎక్కడ అంటుకుంటే అక్కడే కాపురం పెడుతుంది. ఓరల్ సెక్స్ వల్ల గొంతులో చేరితే గొంతులోనే ఉంటుంది. ఆనల్ సెక్స్‌లో మలద్వారం లోపల చేరితే అక్కడే ఉంటుంది. వీటి కోసం ప్రత్యేకంగా చేసే మూత్ర పరీక్ష కూడా మూత్రనాళంలో ఉన్నదాన్నే పట్టుకుంటుంది. పైగా గొంతులో గనేరియా ఉన్నవాళ్ళలో ఎక్కువమందికి ఏ లక్షణమూ కనపడదు, మలద్వారంలో ఉన్నా చాలాసార్లు అంతే. అంటే మూత్రం ఒక్కటే పరీక్షించి 'నార్మల్' అని ఇచ్చిన కాగితం, మిగతా రెండు చోట్ల గురించి ఒక్క ముక్క కూడా చెప్పదు. చేతిలో ఆ కాగితం పట్టుకుని, నాకేమీ లేదని నిశ్చింతగా తిరిగే మనిషి అబద్ధమాడుతున్నట్టు కాదు. అతనికి అందిన సమాచారమే అంత.

సిఫిలిస్ ఇంకో రకం. దానికి రక్త పరీక్ష సరిపోతుంది, కానీ ఆ పరీక్ష రాయాలన్న ఆలోచన ముందు డాక్టరుకు రావాలి. మొదట వచ్చే పుండు సాధారణంగా నొప్పి పుట్టదు. మలద్వారం లోపలో, నోట్లోనో వస్తే కంటికి కనపడకపోవచ్చు. మందు వేసినా వేయకపోయినా 3 నుంచి 6 వారాల్లో దానంతటదే మానిపోతుంది, జబ్బు మాత్రం ఒంట్లో ఉండిపోతుంది. తర్వాత అరచేతుల్లో, అరికాళ్ళలో దద్దుర్లు వస్తే చర్మం డాక్టరు దగ్గరికి వెళ్తాం. అక్కడ మళ్ళీ అదే 'పెళ్ళయిందా'.

మరి ఏమడగాలి? "మీరు గేనా?" అని మాత్రం కాదు. మగవాళ్ళతో పడుకునే మగవాళ్ళలో చాలామంది తమను గే అనుకోరు. కొందరు ఏ పేరూ పెట్టుకోరు. కొందరికి ఆ మాట తమ మీద వేసిన నిందలా వినిపిస్తుంది. గుర్తింపు గురించి అడిగితే గుర్తింపు గురించే జవాబొస్తుంది. బ్యాక్టీరియాకు గుర్తింపుతో పనిలేదు. అడగాల్సింది పనుల గురించి: మీ పార్ట్‌నర్లు మగవాళ్ళా, ఆడవాళ్ళా, ఇద్దరూనా, ట్రాన్స్ వ్యక్తులా? ఓరల్, ఆనల్, వెజైనల్, వీటిలో ఏవి? ఆనల్ అయితే టాపా (లోపల పెట్టేవాళ్ళా), బాటమా (పెట్టించుకునేవాళ్ళా), రెండూనా? కండోమ్ ఎప్పుడు వాడతారు, ఎప్పుడు వాడరు? ఇంతకుముందు ఏమైనా వచ్చాయా? ఇది నేను కనిపెట్టిన పద్ధతేమీ కాదు. అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ డాక్టర్లకు సూచించే ఐదు అంశాల వరుస దాదాపు ఇదే: పార్ట్‌నర్లు, చేసే పనులు, రక్షణ, గతంలో వచ్చిన జబ్బులు, పిల్లల గురించిన ఆలోచన. ఒకటి రెండు నిమిషాల్లో అయిపోయే మాటలు.

ఇక్కడ డాక్టర్లు చెప్పే అభ్యంతరం ఒకటుంది, నేను స్వయంగా విన్నాను. "అందరినీ ఇలా అడిగితే మిగతా పేషెంట్లు నొచ్చుకుంటారండీ." మందు తాగుతారా అని అందరినీ అడుగుతున్నారు కదా. జన్మలో చుక్క ముట్టని పెద్దాయన కూడా "లేదయ్యా" అని ఊరుకుంటాడు తప్ప కుర్చీ తన్ని లేచిపోడు. "ఇవి అందరినీ అడిగే ప్రశ్నలే" అన్న ఒక్క వాక్యం ముందు చెబితే చాలు. నిజానికి ఆ అభ్యంతరంలో నొచ్చుకునేది ఎవరో నాకు తెలుసు. అడిగేవాళ్ళే.

బాగా అడిగినవాళ్ళనూ చూశాను కాబట్టే ఇంత ఖరాఖండిగా చెబుతున్నాను. వేరే క్లినిక్‌లో ఒక నర్సు ఉండేవారు. స్వాబ్ (శాంపిల్ తీసే దూదిపుల్ల) గొట్టాల మీద లేబుళ్ళు అతికిస్తూ, తల వంచుకునే, "ఓరల్ ఉందా? సరే, గొంతు. బాటమ్ కూడానా? సరే, ఇదిగో ఇది వెనకకి. బాత్రూంలో మీరే తీసుకోవచ్చు, రెండు మూడు సెంటీమీటర్లు లోపలికి పెట్టి గుండ్రంగా తిప్పండి చాలు" అన్నారు. గొంతు తగ్గించలేదు, పెంచలేదు. జాలి చూపలేదు. "మీకు తోడుగా ఉన్నాం" లాంటి ప్రసంగమూ లేదు, గోడ మీద ఇంద్రధనుస్సు జెండా కూడా లేదు. మూడు గొట్టాలు, మూడు లేబుళ్ళు. అంత గౌరవం నాకు ఏ అవగాహన సదస్సులోనూ దక్కలేదు. అన్నట్టు, మనమే తీసుకున్న స్వాబ్ కూడా సిబ్బంది తీసినదానికి దీటుగానే పనిచేస్తుందని అధ్యయనాలు చెబుతున్నాయి. కాబట్టి బట్టలు విప్పాలేమో అన్న బెరుకుతో ఆగిపోయేవాళ్ళకు ఆ ఒక్క మాట ముందే చెప్పినా సగం భయం పోతుంది.

బైసెక్సువల్ మగవాళ్ళ సంగతి ఇంకా చిక్కు. నాలాంటివాడికి 'గర్ల్‌ఫ్రెండ్ లేదు' అన్న జవాబు దగ్గరైనా ఒక ఖాళీ మిగులుతుంది, తెలివైన డాక్టరైతే ఆ ఖాళీలోంచి ఇంకో ప్రశ్న వేస్తాడు. బై మగవాడికి భార్యో, గర్ల్‌ఫ్రెండో ఉంటే ఆ ఖాళీ కూడా ఉండదు. "పెళ్ళయింది" అనగానే ఫైలు మూసుకుపోతుంది. న్యూయార్క్‌లో చేసి 2013లో అచ్చువేసిన ఒక అధ్యయనంలో, తమ సంగతి డాక్టర్లకు చెప్పని గే మగవాళ్ళు సుమారు 10 శాతం ఉంటే బైసెక్సువల్ మగవాళ్ళు 39 శాతం ఉన్నారు. ఒకే ఊరు, నాలుగింతల తేడా. దీన్ని చూసి 'బై వాళ్ళు పిరికివాళ్ళు' అనేవాళ్ళు గే వాళ్ళలోనే ఉన్నారు, ఆ మాట నాకు ఒళ్ళు మండిస్తుంది. చెబితే ఏమవుతుందో వాళ్ళకు తెలుసు. అప్పటిదాకా 'మంచి సంసారి' అనుకున్న డాక్టరు చూపు మారిపోతుంది. మొదటి మాట "మీ ఆవిడకు తెలుసా?" అని వస్తుంది. ఆవిడ ఆరోగ్యం గురించి అడగడం తప్పని నేననను, అది అడిగి తీరాల్సిందే. ఎదుటి మనిషి గొంతులోంచి, ఒంట్లోంచి శాంపిల్ తీయకముందే తీర్పు ఇవ్వడం తప్పు.

ప్రజారోగ్య పత్రాల్లో బై మగవాళ్ళను 'వంతెన' అని రాసే అలవాటు ఒకటుంది. జబ్బు గే వాళ్ళ నుంచి వీళ్ళ మీదుగా నడిచి 'మామూలు' జనాల్లోకి వెళ్తుందట. అంటే వంతెన అవతలివాళ్ళ కోసమే ఈ మనిషికి టెస్టు చేయాలన్నమాట. తన కోసం తనకు వైద్యం అక్కర్లేదు. అలాంటి చూపుతో పలకరించే చోటికి ఏ మనిషైనా రెండోసారి ఎందుకొస్తాడు?

అడగకపోతే పోయేది ఒక టెస్టే అయితే మళ్ళీ చేయించుకోవచ్చు. గడియారం నడుస్తున్నప్పుడు ఆ అవకాశం ఉండదు. హెచ్‌ఐవి సోకే వీలున్న సంఘటన జరిగాక, కండోమ్ చిరిగినా, అసలు వాడకపోయినా, పెప్ అనే మందుల కోర్సు మొదలుపెట్టడానికి 72 గంటలే గడువు. అందులోనూ ఎంత త్వరగా మొదలుపెడితే అంత మంచిది. 28 రోజులు వేసుకోవాలి. అలాంటి సంఘటన సాధారణంగా ఏ వేళప్పుడు జరుగుతుందో వేరే చెప్పక్కర్లేదు. లైంగిక ఆరోగ్య క్లినిక్కులు మూసి ఉంటాయి, ఎమర్జెన్సీకి పోవాలి. అక్కడ డెస్కు ముందు లైను. అద్దానికి ఉన్న చిన్న కంతలోంచి "ఏం ప్రాబ్లం?" అని గట్టిగా అడుగుతారు. వెనక ఆరుగురు నిలబడి ఉంటారు. కాలు విరిగినవాడికి చెప్పుకోవాల్సిన పనే లేదు, చూస్తే తెలుస్తుంది. మనం మాత్రం అద్దంలోకి కేక వేసి చెప్పాలి. ఆ లైన్లోంచి వెనక్కి తిరిగి వెళ్ళిపోయి, మర్నాడు చూద్దాంలే అనుకుని, మర్నాడు కూడా వెళ్ళనివాళ్ళు నాకు తెలుసు.

ఇంతకీ ఈ పెప్ చరిత్ర చూడండి. రోగికి వాడిన సూది గుచ్చుకున్న నర్సులకు, డాక్టర్లకు ఈ మందులు ఇవ్వాలని అమెరికా ప్రజారోగ్య శాఖ 1996లోనే సిఫార్సు చేసింది. సెక్స్ ద్వారా ప్రమాదం ఎదురైనవాళ్ళకు ఇవ్వడం మీద అక్కడి ఆరోగ్య శాఖ సిఫార్సులు వచ్చింది 2005లో. మధ్యలో తొమ్మిదేళ్ళు. అవే మందులు, అదే వైరస్, అదే 28 రోజులు. సూది గుచ్చుకున్న నర్సును "నువ్వు అంత అజాగ్రత్తగా ఎందుకున్నావు" అని ఎవరూ నిలదీయరు, నిలదీయకూడదు కూడా. ముందు మాత్ర ఇస్తారు, తర్వాత కాగితాలు రాసుకుంటారు. మనకు ముందు ఉపన్యాసం, తర్వాత మాత్ర. కొన్నిచోట్ల ఉపన్యాసంతోనే సరి. ఇది వైద్యపరమైన తేడా అని ఎవరైనా నన్ను ఒప్పించగలిగితే ఈ వ్యాసం వెనక్కి తీసుకుంటాను.

ఎమర్జెన్సీ డెస్కు దగ్గర ఇరుక్కున్నవాళ్ళకు ఒక మాట. కథంతా చెప్పక్కర్లేదు. "హెచ్‌ఐవి ఎక్స్‌పోజర్ అయింది, పెప్ కోసం వచ్చాను, డాక్టరుతో మాట్లాడాలి." ఇంతే. నోటితో చెప్పలేకపోతే ఫోన్లో టైపు చేసి అద్దానికి ఆనించి చూపించండి. ఎవరితో, ఎలా, ఎందుకు అన్నవి లోపల గదిలో చెప్పే మాటలు. ఆ డాక్టరుకు కూడా ఏం జరిగిందో, ఎప్పుడు జరిగిందో తెలిస్తే చాలు.

ప్రెప్ విషయంలో నాకు కోపం తక్కువ, విసుగు ఎక్కువ. ప్రమాదం ఎదురవకముందే ఈ మందు వేసుకుంటే హెచ్‌ఐవి రాకుండా ఆపవచ్చని ఐప్రెక్స్ అధ్యయనం 2010లో చూపించింది, అమెరికాలో మందులకు అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ 2012 జులైలో అనుమతించింది, ప్రమాదం గణనీయంగా ఉన్న అందరికీ ఇవ్వమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో సిఫార్సు చేసింది. ఇన్నేళ్ళ తర్వాత కూడా "మరి అది వేసుకుంటే ఇక విచ్చలవిడిగా తిరుగుతారు కదా" అనే డాక్టర్లున్నారు. ఆడవాళ్ళ గర్భనిరోధక మాత్ర మీద వాళ్ళ తాతలు ఇదే మాటన్నారు. మందు పని జబ్బును ఆపడం. నా ప్రవర్తనను దిద్దడం దాని పని కాదు.

అలాగని మాత్ర కొనుక్కుని సొంతంగా మింగమని కూడా నేను చెప్పను. మొదలుపెట్టే ముందు హెచ్‌ఐవి లేదని టెస్టు చేసి ఖాయం చేసుకోవాలి. లేకపోతే అప్పటికే ఉన్న వైరస్‌కు అరకొర మందు ఇచ్చి దాన్ని మొండిగా తయారుచేసినట్టవుతుంది. కిడ్నీల పనితీరు చూడాలి. హెపటైటిస్ బి ఉందేమో చూడాలి, ఎందుకంటే ప్రెప్ మాత్రలో ఉండే మందులు దాన్ని కూడా అణచిపెడతాయి, హఠాత్తుగా మానేస్తే లివరు మీద అది తిరగబడవచ్చు. రోజూ వేసుకోవడం ఇష్టం లేని మగవాళ్ళకు అవసరమైనప్పుడే వేసుకునే పద్ధతి ఉంది: సెక్స్‌కు 2 నుంచి 24 గంటల ముందు రెండు మాత్రలు, వాటి తర్వాత 24 గంటలకు ఒకటి, ఇంకో 24 గంటలకు ఇంకొకటి. 2015లో వచ్చిన ఇపర్‌గే అధ్యయనంలో ఈ పద్ధతి హెచ్‌ఐవిని 86 శాతం తగ్గించింది. హెపటైటిస్ బి ఉన్నవాళ్ళకు ఇది పనికిరాదు. ఇప్పుడు రెండు నెలలకోసారి ఇచ్చే కాబోటెగ్రావిర్ ఇంజెక్షను ఉంది, ఆరు నెలలకోసారి ఇచ్చే లెనకాపవిర్‌కు అమెరికాలో 2025లో అనుమతి వచ్చింది. ఇంట్లో మాత్రల సీసా దాచుకోవడమే పెద్ద సమస్య అయినవాళ్ళకు ఇవి ఎంత పెద్ద ఊరటో, సీసా దాచినవాళ్ళకే తెలుస్తుంది.

ప్రెప్‌లో నాకు అన్నిటికంటే నచ్చింది మాత్ర కాదంటే నవ్వుతారేమో. మాత్ర వేసుకునేవాళ్ళు మూడు నెలలకోసారి రావాలన్న నియమం నచ్చింది. ప్రెప్ హెచ్‌ఐవిని ఆపుతుంది, సిఫిలిస్‌ను, గనేరియాను ఆపదు. అందుకని వచ్చిన ప్రతిసారీ రక్తం, గొంతు, వెనక, మూత్రం అన్నీ చూస్తారు. ఏదో అయిందని కాకుండా, తేదీ వచ్చిందని వెళ్తాం. ఎందుకొచ్చావని ఎవరూ అడగరు. మనం చెప్పుకోవాల్సిన అవసరం లేకుండా వ్యవస్థే అడిగే పద్ధతి అంటే ఎలా ఉంటుందో నాకు మొదట తెలిసింది అక్కడే. ఆ సౌకర్యం ప్రెప్ వేసుకోని మగవాడికి ఎందుకు ఉండకూడదు?

టెస్టుకు వెళ్ళకపోవడానికి సిగ్గు ఒక్కటే కారణం కాదు, ఫలితం మీద భయం కూడా. ఆ భయం చాలావరకు పాతకాలపుది. మందులు క్రమంగా వాడి, రక్తంలో వైరల్ లోడ్‌ను (వైరస్ పరిమాణాన్ని) పరీక్షలో కనపడనంత తక్కువకు తెచ్చుకున్న మనిషి నుంచి సెక్స్ ద్వారా హెచ్‌ఐవి సోకదు. 'తక్కువగా సోకుతుంది' కాదు, సోకదు. దీని మీద గే జంటలతో చేసిన పార్ట్‌నర్-2 అధ్యయనం ఫలితాలు 2019లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చాయి. ఒకరికి హెచ్‌ఐవి ఉండి మరొకరికి లేని 782 జంటలను పరిశీలించారు. కండోమ్ లేకుండా 76 వేలకు పైగా సార్లు ఆనల్ సెక్స్ జరిగింది. ఆ కాలంలో 15 మందికి కొత్తగా హెచ్‌ఐవి వచ్చింది. వైరస్ జన్యువులను పోల్చి చూస్తే, ఒక్కటి కూడా మందులు వాడుతున్న ఆ భాగస్వామి నుంచి వచ్చింది కాదని తేలింది. ఈ సంగతి టెస్టు చేసే ముందే, కుర్చీలో కూర్చున్న వెంటనే చెప్పాలి. ఫలితం పాజిటివ్ వచ్చాక ఓదార్పుగా చెప్పే మాట కాదు ఇది. ముందే తెలిస్తే టెస్టుకు వచ్చే మనుషులు పెరుగుతారు.

ఇప్పుడు నా వాదనకు ఎదురుగా మా వాళ్ళే అనే మాట ఒకటుంది. దాన్ని తేలిగ్గా తీసేయలేను. "గే అని తెలిసిన క్షణం నుంచి మోకాలి నొప్పితో వెళ్ళినా హెచ్‌ఐవి టెస్టే రాస్తారు. మనల్ని జబ్బుల మూటలా చూస్తారు. అలాంటప్పుడు వాళ్ళను ఇంకా అడగమని మనమే ఎందుకు అంటాం?" నిజమే, జరుగుతుంది. 2022లో ఎంపాక్స్ (మంకీపాక్స్) వ్యాపించినప్పుడు కూడా దగ్గరి చర్మస్పర్శతో అంటుకునే జబ్బును గే జబ్బుగా ప్రచారం చేశారు. టీకాల కోసం గంటలకొద్దీ లైన్లలో నిలబడి, పార్ట్‌నర్లను తగ్గించుకుని దాన్ని అదుపులోకి తేవడంలో పెద్ద పాత్ర వహించింది గే మగవాళ్ళే అన్న సంగతి అంతగా ప్రచారం కాలేదు.

కానీ ఆ కోపంలో ఒక వాస్తవాన్ని కొట్టిపారేయలేం. హెచ్‌ఐవి ఉండి మందులు వాడని వ్యక్తితో ఒకసారి సెక్స్ జరిగితే, ఆనల్‌లో బాటమ్‌గా ఉన్న మనిషికి సోకే అవకాశం పదివేలలో 138 అని సీడీసీ అంచనా. వెజైనల్ సెక్స్‌లో స్త్రీకి అది పదివేలలో 8. తేడా మనిషి శీలంలో లేదు, మలద్వారం లోపలి పొర పలచదనంలో ఉంది. అందుకే వివరంగా అడగమంటున్నాను. పనుల గురించి అడిగిన డాక్టరుకు మోకాలి నొప్పి మోకాలి నొప్పిలాగే కనిపిస్తుంది, గొంతు స్వాబ్ ఎప్పుడు తీయాలో కూడా తెలుస్తుంది. 'గే' అన్న ఒక్క మాట ఫైల్లో రాసుకుని మిగతాదంతా ఊహించుకునేవాడికి రెండూ తెలియవు.

ఇంట్లో చేసుకునే టెస్టులు వచ్చాయి కదా, ఇక ఈ క్లినిక్కుల గొడవ ఎందుకు అని కూడా అంటారు. వేలి రక్తంతోనో, చిగుళ్ళ తడితోనో చేసుకునే హెచ్‌ఐవి టెస్టు మంచి సాధనం, నేనూ వాడాను. దాని హద్దులు తెలిసి వాడాలి. అది వైరస్‌కు ఎదురుగా ఒళ్ళు తయారుచేసుకునే యాంటీబాడీలను మాత్రమే చూస్తుంది, సంఘటన జరిగాక 90 రోజుల దాకా నెగటివ్‌ను పూర్తిగా నమ్మడానికి లేదు. ల్యాబులో రక్తనాళం నుంచి రక్తం తీసి, యాంటిజెన్‌ను (వైరస్ ముక్కను), యాంటీబాడీలను రెండిటినీ చూసే పరీక్ష 18 నుంచి 45 రోజుల్లో పట్టుకుంటుంది. టెస్టు కిట్టు హెపటైటిస్ టీకా వేయదు, గనేరియాకు ఇంజెక్షన్ ఇవ్వదు. ఎవరూ లేని గదిలో ఒంటరిగా రెండో గీత చూసిన మనిషి భుజం మీద చెయ్యి వేయదు. క్లినిక్కు అడగడం నేర్చుకోలేదు కాబట్టి మనమే ఇంట్లో చేసుకుందాం అనడం నాకు పరిష్కారంలా అనిపించదు.

క్లినిక్కుల వెయిటింగు రూముల్లో ఉచిత కండోమ్ బుట్ట ఉంటుంది, చూసే ఉంటారు. దాని పక్కన లూబ్ (జారుడు జెల్) ప్యాకెట్లు ఎంతమంది చూశారు? నేను చాలా తక్కువచోట్ల చూశాను. మలద్వారానికి సహజంగా తడి ఉండదు, లూబ్ లేకపోతే కండోమ్ చిరుగుతుంది. చేతికందిన నూనెనో, వ్యాజిలైన్‌నో వాడితే లేటెక్స్ కండోమ్ దెబ్బతింటుంది. నీళ్ళతో చేసినదో, సిలికాన్‌తో చేసినదో కావాలి. ఆ బుట్ట పెట్టిన మనిషి మనసులో ఏ జంట ఉందో ఆ బుట్టే చెబుతుంది. జెండాలు, పోస్టర్లు తర్వాత, ముందు ఆ ప్యాకెట్లు పెట్టండి.

క్లినిక్కులు మారేదాకా మనం చేతులు కట్టుకుని కూర్చోలేం కాబట్టి, నేను వాడే వాక్యాలు ఇవి. ఎవరికైనా పనికొస్తాయేమో. కూర్చోగానే, ఆయన పెళ్ళి దగ్గరికి వెళ్ళకముందే: "డాక్టరు గారూ, నాకు మగవాళ్ళతో సెక్స్ ఉంది. రక్తం, మూత్రంతో పాటు గొంతు, మలద్వారం స్వాబ్‌లు కూడా తీయించండి." ఇద్దరితోనూ ఉన్నవాళ్ళు "మగవాళ్ళతోనూ, ఆడవాళ్ళతోనూ" అంటే సరి. ఎందుకని అడిగితే "అక్కడ ఉంటే మూత్రంలో కనపడదు కదండీ" అని వైద్య కారణమే చెబుతాను. నా జీవితం గురించి వివరణ ఇవ్వను. హెపటైటిస్ ఎ, బి టీకాలు, హెచ్‌పీవీ అనే వైరస్ టీకా గురించి అడుగుతాను. మలద్వార క్యాన్సర్లలో అత్యధికం హెచ్‌పీవీ వల్లే వస్తాయి, అయినా ఆ టీకా ఆడపిల్లలకే అనుకునే డాక్టర్లు ఇంకా ఉన్నారు. సెక్స్ తర్వాత 72 గంటల్లోపు 200 మిల్లీగ్రాముల డాక్సీసైక్లిన్ వేసుకుంటే సిఫిలిస్, క్లమీడియా బాగా తగ్గుతాయని 2023లో అధ్యయనం వచ్చింది, సీడీసీ 2024లో మార్గదర్శకాలు ఇచ్చింది. అది నాకు సరిపోతుందా అని అడుగుతాను. ఇంట్లోవాళ్ళెవరైనా తోడుగా వచ్చి పక్కన కూర్చుంటే, "డాక్టరుతో రెండు నిమిషాలు ఒక్కణ్ణే మాట్లాడాలి" అంటాను. ఆ మాట డాక్టరే అనాలి నిజానికి. రిపోర్టు ఎవరి ఫోనుకు వెళ్తుందో, బిల్లులో ఏమని రాస్తారో కూడా ముందే అడిగేస్తాను.

ఇవన్నీ చెప్పగలుగుతున్నానంటే నాకు కొన్ని వెసులుబాట్లు ఉన్నాయి. నా సంపాదన నాది, నా గది నాది, క్లినిక్ నచ్చకపోతే ఇంకో క్లినిక్‌కు పోగలను. వీటిలో ఏదీ లేని పంతొమ్మిదేళ్ళ కుర్రాడు, భార్యాపిల్లలున్న నలభై ఏళ్ళ మనిషి ఆ కుర్చీలో కూర్చుని ఈ వాక్యం అనగలరని నేను ఆశించను. అనలేకపోయినందుకు వాళ్ళకు తక్కువ వైద్యం దొరకడం నాకు సమ్మతం కాదు. రిసెప్షన్‌లో ఇచ్చే ఫారంలో మద్యం, సిగరెట్, అలర్జీలకు గడులున్నాయి. వాటి కింద ఇంకో గడి పెట్టి, 'మీ పార్ట్‌నర్లు: మగవాళ్ళు, ఆడవాళ్ళు, ఇద్దరూ, ఇతరులు, ఎవరూ లేరు' అని అచ్చువేస్తే, నోరు విప్పలేని మనిషి కూడా పెన్నుతో ఒక టిక్కు పెట్టగలడు.